జామకాయల కన్నవారిల్లు

మా అపార్ట్‌మెంటులో నన్ను పండితుడంటారు. అందుకు నా పాండిత్యం కారణం కాదు. లిఫ్టు పాడైన రోజున తలుపు మీద అతికించే కాగితాల్లో తప్పులు దిద్దే పాడు అలవాటు ఒకటి నాకుంది. ఒకసారి ఎవరో "లిఫ్టు పని చెయ్యను" అని రాశారు. అందులోని పౌరుషం నచ్చినా, జేబులోంచి పెన్ను తీసి "చెయ్యదు" అని దిద్దాను. ఆ రోజు నుంచి మధురవాడలో మా అయిదంతస్తుల లోకానికి తెలుగు అధికారిని నేనే. జీతం లేదు, పదోన్నతి లేదు, బదిలీ అయితే అసలే లేదు.

అందుకే పళ్ళ గొడవ వచ్చినప్పుడు, "పండు సంగతి కదా, పండితుడే రాయాలి" అని నామీదకు తోశారు.

దానికి నా ఉద్యోగం కూడా తోడైంది. వన్ టౌన్‌లో, పోర్టుకి వెళ్ళే దారిలో, ఓడల్లోంచి దిగిన సరుకుల కాగితాలు చూసే చిన్న ఆఫీసులో పనిచేస్తాను. ప్రతి కాగితంలోనూ సరుకు ఏ దేశానిదో రాయడానికి ఒక గడి ఉంటుంది. నా ఉద్యోగ జీవితమంతా ఆ గడి నింపడంలోనే గడిచింది. ఏ ఓడలో ఏ దేశపు పప్పు దిగిందో చెప్పగలను. మా వంటింట్లో ఏ డబ్బాలో ఏ పప్పు ఉందో మాత్రం చెప్పలేను.

గొడవ మొదలైంది కివీ పండుతో. మా అపార్ట్‌మెంటు సంఘం ప్రెసిడెంటుగారు గుంటూరు వైపు మనిషి, బ్యాంకు మేనేజరుగా రిటైరై కూతురి దగ్గరుంటున్నారు. చేతిలో కాగితం లేకుండా మాట్లాడరు, కాగితం చేతిలో ఉంటే ఆపరు. ఆయన సూపర్ మార్కెట్టులో మనవరాలికోసం కివీ పళ్ళు కొన్నారు. పండు మీది స్టిక్కరు ఒక దేశం పేరు చెబుతోంది, అది వచ్చిన పెట్టె ఇంకో దేశం పేరు చెబుతోంది. ఆదివారం మీటింగులో ఆయన పండునీ పెట్టెనీ బల్ల మీద పక్కపక్కన పెట్టి, సాక్షుల్ని చూసినట్టు చూశారు.

"రెండిట్లో ఒకటి అబద్ధమాడుతోంది. మన పిల్లలు తినేది ఎక్కడ పండిందో, ఎన్నాళ్ళు పెట్టెలో పడుందో, పైన ఏం పూశారో మనకు తెలియాలా వద్దా?"

తెలియాలనే అందరం అన్నాం. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఒకావిడ యాపిల్‌ని చాకుతో గీకితే మైనం వచ్చిందని చెప్పింది. ఇంకొకాయన వాళ్ళింట్లో కందిపప్పు ఎంతకీ ఉడకడం లేదని, అది కచ్చితంగా పరాయి దేశానిదేనని వాదించాడు. మా కింద ఫ్లాట్ బావ మాత్రం వెనక కుర్చీలో కూర్చుని నవ్వుతున్నాడు. మాకు చుట్టరికం లేదు. ఈ ఊళ్ళో బావ అనుకోవడానికి చుట్టరికం అక్కర్లేదు. వాళ్ళది సముద్రపు ఒడ్డున చేపలవేట ఇల్లు, నాన్న ఇప్పటికీ వేటకెళ్తాడు. బావ మాత్రం కంప్యూటర్ల కంపెనీలో చేస్తాడు.

"మరి మా సేపలకి ఏటి రాత్తారండీ?" అన్నాడు బావ. "పుట్టిందొక సోట, పెరిగిందొక సోట, వలకి తగిలింది ఇంకో సోట. సముద్రానికి ఏ దేశం అంటిస్తారు?"

"చేపల సంగతి తర్వాతి మీటింగులో," అన్నారు ప్రెసిడెంటుగారు కాగితం మీద రాసుకుంటూ.

ఏ పండు ఏ దేశానిదో రాసి ఉన్న స్టిక్కరు లేకపోతే కొనకూడదని తీర్మానం అయింది. ఎక్కడ అమలు చేయాలన్నది ప్రశ్న. సూపర్ మార్కెట్టు మా మాట వినదు. పళ్ళబజారు మా మాట వినదు. మొత్తం విశాఖపట్నంలో మా మాట వినేది మా గేటు ఒక్కటే. కాబట్టి గేటు దగ్గర అమలు చేద్దామన్నారు.

గేటు దగ్గర అమ్మేది ఒకే ఒక్క మనిషి. ఆమెను నేను అప్ప అని పిలుస్తాను. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆనందపురం నుంచి పొద్దున్నే ఆటోలో బుట్టలు దింపుకుని, గేటు బయట గోడవారన గోనె పరుచుకుని కూర్చుంటుంది. జామకాయలు, సీతాఫలాలు, బొప్పాయిలు, ఉసిరికాయలు. పిల్లలు అడుగుతున్నారని ఒక చిన్న బుట్టలో యాపిళ్ళు కూడా. ఆ కివీ పండు మీద కోపం ఎటు తిరిగి ఎటు వెళ్ళి ఎవరి మీద పడుతుందో మీటింగులో ఎవరికీ తట్టలేదు. పండితుడికి అసలే తట్టలేదు. ఆయన అప్పటికే వాక్యం అల్లుకుంటున్నాడు.

ముందు రాసింది ఇది: "మూల దేశము తెలుపని ఫలములు విక్రయింపరాదు." చదివి నాకు నేనే ముచ్చటపడి బావకి చూపించాను.

"ఏటి బావా ఇది? మూలదేశవంట! మూలశంకకి మందిస్తావని బస్టాండు గోడల మీద రాస్తారే, అలగుంది."

"మూలం అంటే పుట్టుక బావా."

"మూలంటే మూల. మూలనున్న దేశవేదని అడుగుతారు జనం. ఎవులికీ అర్థం కాని తెలుగు నువ్వెందుకు రాయాల? గవర్నమెంటోళ్ళు నేరేటి?"

గర్వం దిగింది. మూలాన్ని మూలకి తోసేసి, అందరికీ తెలిసిన మాటతో రాశాను: "వచ్చే సోమవారం నుంచి స్టిక్కర్ లేని పళ్ళు ఈ గేటు దగ్గర అమ్మరాదు." పొట్టిగా, గట్టిగా ఉంది. బావ కూడా తలూపాడు. గేటుకి అంటించి, ఇంతకంటే తేటగా తెలుగులో ఎవరూ రాయలేరని అనుకుంటూ మెట్లెక్కాను. ఆ రోజు లిఫ్టు పనిచెయ్యనంది.

ఇంట్లోకి రాగానే వంటింటి మీద పడ్డాను. డబ్బాలు దింపి, ప్యాకెట్ల వెనక చీమ తలకాయలంత అక్షరాలు కళ్ళజోడు మీద కళ్ళజోడు పెట్టి చదవడం మొదలుపెట్టాను. ఇంగువ అఫ్ఘనిస్తాన్‌ది. నూనె మలేషియాది. మినప్పప్పు బర్మాది. ఇన్నేళ్ళూ ఆంధ్రుడినని చెప్పుకుంటూ నేను తిన్న ఇడ్లీ సాంబారు పాస్‌పోర్టు లేకుండా మూడు సరిహద్దులు దాటి వచ్చిందన్నమాట.

"ఈ కందిపప్పు ఎక్కడిదో తెలుసా? మొజాంబిక్! ఆఫ్రికాలో ఉంది," అన్నాను మా ఆవిడతో.

ఆమె ప్యాకెట్టు నా చేతిలోంచి తీసుకుని జాలిగా చూసింది. "అంత దూరం నుంచి వచ్చిందా పాపం! అయితే ఇంకాసేపు నానబెడతాను."

"నవ్వులాట కాదు. మనం తినేది ఎక్కడిదో మనకి తెలియాలి."

"మీకు తెలిసి ఏం చేస్తారట? బొంబాయి రవ్వ బొంబాయిలో పండిందనుకునే తిన్నారుగా ఇన్నాళ్ళూ."

నేను నిజంగానే అలాగే అనుకున్నాను. ఆ మాట బయటికి అనకుండా, మన భాషలో లేబుల్ పేరులోనే ఉంటుందని ఒక ఉపన్యాసం ఎత్తుకున్నాను. బయటిదేశపు సరుకు అనిపిస్తే ముందు సీమ అని తగిలించేవాళ్ళు, సీమచింతకాయ, సీమవంకాయ అని. బత్తాయి అన్న మాట బటేవియా అనే ఊరి పేరులోంచి వచ్చిందంటారు. పేరు పిలిస్తే చాలు, ఊరు పలికేది.

"మరి సీమటపాకాయ?" అంది.

"అదీ అంతే."

"మాటల్లో మీరూ అంతే. భోజనానికి లేవండి," అంది.

నోటీసు పెట్టిన వారంలోనే ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తుంటే, అప్ప గేటు ముందు నిలబడి దాన్ని కూడబలుక్కుని చదువుతోంది.

"బాబూ, ఇదేటి? స్టిక్కర్ నేకపోతే కూకోనివ్వరా?"

"అవునప్పా. సంఘం వాళ్ళు అనుకున్నారు."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ."

"సీతాఫలాలకి కూడానా?"

"వాటికి మాత్రం మినహాయింపు ఎందుకు? అన్నిటికీ ఉండాలి."

ఆమె నన్నూ, నోటీసునీ, బుట్టల్నీ మార్చి మార్చి చూసింది. ముఖం చిన్నబోయింది. "ఈ గోడవార సోటు పోతే మళ్ళీ నాను జంక్షన్లో రోడ్డు మీదకి ఎల్లిపోవాల బాబూ. ఆ లారీల దుమ్ములో జాంకాయకీ ఇటకముక్కకీ తేడా తెల్దు. ఎవులు కొంటారు?" అంది. ఏదో తేల్చుకున్నట్టు, "సరే, పెద్దింటోరు. మీకలగ బాగుంటాదేమో. స్టిక్కర్లు ఎడతాన్లెండి," అంది.

ఆమెకి ఇంత తేలిగ్గా అర్థమైందని ముచ్చటేసింది. నా వాక్యం బలం అది, అనుకున్నాను.

సోమవారం పొద్దున్న క్యారేజీ పట్టుకుని ఆఫీసుకి బయలుదేరాను. గేటు దగ్గర జనం. పిల్లలు స్కూలు బస్సు ఎక్కకుండా కేకలేస్తున్నారు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వంగి వంగి నవ్వుతున్నారు. నేనూ తోసుకుని ముందుకెళ్ళాను.

బుట్టలోని ప్రతి జామకాయకీ నుదుట బొట్టుంది.

ఎర్రవి, మెరూన్‌వి, మధ్యలో రాయి పొదిగినవి. పిందెలకి ఆవగింజంత చుక్కలు. బొప్పాయిలకి రూపాయి బిళ్ళంతవి. వరసగా పెట్టి ఉంటే పేరంటానికి వచ్చిన పెద్దముత్తయిదువల్లా నిండుగా ఉన్నాయి. ఉసిరికాయలకి కూడా వదలకుండా పెట్టింది. సీతాఫలాల గరుకు మీద అంటుకోక రాలిపోయాయేమో, వాటికి కుంకుమ పెట్టింది.

అప్పుడు వెలిగింది. మన ఇళ్ళలో స్టిక్కరంటే ఇంకేముంది? బొట్టుబిళ్ళే. మా ఇంటి అద్దం చుట్టూ ఎప్పుడూ అరడజను అంటించి ఉంటాయి. ఒకసారి వాటిలో ఒకటి నా చొక్కా జేబు మీదెక్కి ఆఫీసుకి కూడా వచ్చింది. అలాంటి ఇంట్లో ఉంటూ, ఆ మాటని ఆ గేటుకి అంటించిన పండితుణ్ణి నేను.

"సూడండి బాబూ, మీరు సెప్పినట్టే ఎట్టినాను," అంది అప్ప, ఎదురుచూస్తున్న కళ్ళతో. "మా కోడలూ నానూ కూకుని ఒక్క కాయ ఇడిసిపెట్టకుండా ఎట్టినాం. ఫేన్సీ కొట్టోడు అడిగినాడు, ఇన్ని పేకెట్లా, ఎవులికప్పా పెళ్ళి అని. జాంకాయలకిరా నాయనా అన్నాను."

జనం ఘొల్లుమన్నారు. బావ నా భుజం పట్టుకుని వాలిపోయాడు. "బావా, నీ తెలుగు దెబ్బకి కాయలన్నీ ముత్తయిదువలైపోనాయి!"

అప్ప నవ్వలేదు. "నవ్వుతారేటి? ఇప్పుడు కూకోవచ్చా నేదా సెప్పండి."

ఆ ప్రశ్నతో నవ్వులు తగ్గాయి. అప్పుడే ప్రెసిడెంటుగారు కాగితంతో దిగారు. బుట్టల్ని చూశారు, నోటీసు చూశారు, నన్ను చూశారు. ముఖంలో నవ్వు గానీ కోపం గానీ రాలేదు.

"స్టిక్కర్ అంటే ఇదా?"

"మరేదని రాయనేదు కదండీ," అన్నాడు బావ వినయంగా. "నోటీసు ప్రకారం సూత్తే అప్పది తప్పు నేదు."

ప్రెసిడెంటుగారు రూలు మనిషి. రూలు అక్షరాలా పాటించినవాళ్ళని ఏమనాలో ఆయనకి తెలియలేదు. ఒంగి, యాపిళ్ళ బుట్టలోంచి ఒకటి తీశారు. దానికీ రాయి పొదిగిన బొట్టు. "అది సరే. కనీసం వీటికైనా అసలు స్టిక్కర్ ఉండి ఉండాలే? దేశం పేరుతో?"

"ఉన్నాయి బాబూ. ఏవో గీతలూ అంకెలూను, కళ నేదు. రెండేసి బొట్లెందుకని అవి గీకీసి ఇవి ఎట్టినాను."

ఇన్ని బుట్టల పళ్ళలో దేశం పేరున్నవి ఆ యాపిళ్ళు మాత్రమే. వాటి పేరే చెరిగిపోయింది. ప్రెసిడెంటుగారు కళ్ళు మూసుకుని తెరిచి, యాపిల్‌ని నా ముందుకు చాచారు. "మీరు పోర్టు వ్యవహారం తెలిసినవారు. ఇది సిమ్లాదా, ఇరాన్‌దా, టర్కీదా?"

అందరూ నావైపు చూశారు. నేను యాపిల్‌ని వెలుతురుకి పట్టి తిప్పాను. వాసన చూశాను. కాస్త కొరికాను. నా అనుభవమంతా నాలుక మీదకి తెచ్చుకుని నమిలాను.

"ఇది యాపిలండీ," అన్నాను.

ఈసారి అప్ప కూడా నవ్వింది. నవ్వి, కొంగుతో ముఖం తుడుచుకుని, "దేశం పేరెందుకు బాబూ మీకు? కాయ ఎక్కడిదని అడిగితే నాను సెప్పనా?" అంది.

"అదేనమ్మా మేం అడిగేది! ఎక్కడివి?" అన్నారు ప్రెసిడెంటుగారు.

ఆమె బుట్టల మీద చెయ్యి తిప్పింది. "బొప్పాయిలు మా పెరట్లోయి. సీతాఫలాలు మా ఊరి కొండ మీయి. ఉసిరికాయలు మా ఆడపడుసు ఇంటియి. జాంకాయలు మా కన్నోరింటియి."

ప్రెసిడెంటుగారి కనుబొమలు ముడిపడ్డాయి. "కన్నోరిల్లా? కన్నం వేసి తెచ్చినవా?"

"ఓలమ్మో!" అంది అప్ప నోటి మీద చెయ్యేసుకుని. "నా కన్నోరింట్లో కాయలకి నాను కన్నమెయ్యడవేటి? మా తమ్ముడు ఇంటే నవ్వుతాడు. బుట్ట తలకెత్తి మరీ పంపినాడు!"

"పుట్టిల్లండీ," అన్నాడు బావ. "కన్నవారి ఇల్లు. మా వైపు పుట్టింటిని కన్నోరిల్లంటారు."

ప్రెసిడెంటుగారు ఆ మాటని నోట్లో వేసుకుని రుచి చూసినట్టు మెల్లిగా అన్నారు. "కన్న... వారి... ఇల్లు." నావైపు తిరిగారు. "ఏమండీ పండితులూ, ఇంత మంచి మాట ఉండగా మీరు స్టిక్కర్ అని ఎందుకు రాశారు?"

గవర్నమెంటువాళ్ళ తెలుగుకీ ఫ్యాన్సీ కొట్టు తెలుగుకీ మధ్య ఎక్కడో ఈ మాట ఉంటుందని నాకు తట్టలేదు. బావ అప్పటికే ఇంట్లోకెళ్ళి అట్టపెట్టె చించి, లావు పెన్ను పట్టుకొచ్చాడు. అక్కడే గోడకి ఆనించి నేను రాశాను, అప్ప చెబుతుంటే. "జామకాయలు. కన్నవారిల్లు: ఆనందపురం అవతల, అప్ప తమ్ముడి తోట." సీతాఫలాలకి కొండ అని రాస్తే సరిపోదని పట్టుబట్టి, కొండ ఏ పక్కదో కూడా రాయించింది. బొప్పాయి దగ్గర, "ఎరువేటి ఏసినామో కూడా రాయించనా?" అని అడిగింది. ఒకావిడ, "రాయించు రాయించు, మాకు అదే కావాలి," అంది.

యాపిళ్ళ దగ్గరికి వచ్చి ఆగాం.

"వాటికేం రాయమంటావప్పా?"

ఆమె ఒక యాపిల్‌ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "తెలీదని రాయండి. నాకు అమ్మినోళ్ళని అడిగినా సెప్పనేదు. నాను మీకెలగ సెప్తాను?"

"కన్నవారిల్లు: తెలీదు," అని రాశాను. ఆ బుట్ట వైపు ఆ పొద్దున్న ఒక్క చెయ్యీ వెళ్ళలేదు. కన్నవారెవరో తెలియని ఆ యాపిళ్ళు, ముఖాన రాళ్ళబొట్లతో, బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాయి. జామకాయల బుట్ట మాత్రం చూస్తుండగానే సగమైంది. పిల్లలు బొట్టు పెద్దదున్న కాయకోసం కొట్టుకున్నారు. "రేపటినుంచి యాపిళ్ళ స్టిక్కర్లు గీకను బాబూ. పెట్టె మీది అట్ట కూడా కోసి తెచ్చి ఎదరెడతాను, రెండూ ఒకటే దేశవో కాదో మీరే సూసుకోండి," అంది అప్ప. ప్రెసిడెంటుగారు చేతిలోని కాగితం మీద అది కూడా రాసుకున్నారు.

కానీ ఆమె అడిగిన అసలు మాటకి జవాబు ఇంకా రాలేదు. అట్టలన్నీ బుట్టలకి గుచ్చాక, చేతులు నడుముకి పెట్టుకుని ఆయన ఎదుట నిలబడింది.

"మరి నాను కూకోవచ్చా?"

ప్రెసిడెంటుగారు గేటు దగ్గరికి వెళ్ళి, నా నోటీసుని ఒక మూల నుంచి జాగ్రత్తగా ఊడదీశారు. నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చారు. తర్వాత, మేమెప్పుడూ చూడని పని ఒకటి చేశారు. హాస్యమాడారు.

"కన్నవారిల్లు తెలిసిన పిల్లకి అత్తవారిల్లు కూడా ఉండాలి కదమ్మా. ఇదే అనుకో."

చప్పట్లు మోగాయి. ఆమె ముఖం విప్పారింది. అయితే ఆ విప్పారడం ఎంతోసేపు నిలవలేదు. క్షణంలో కొంగు దోపుకుని పోట్లాటకి దిగింది.

"అత్తారిల్లంటే గేటు అవతలుంటాదేటి బాబూ? కోడల్ని రోడ్డు మీద, ఎండలో కూకోబెడతారేటి మీ గుంటూరోళ్ళు?"

ప్రెసిడెంటుగారు కాగితం వైపు చూసుకున్నారు. అందులో దీనికి జవాబు లేదు. బావ ఆయన జవాబుకోసం ఆగకుండా జామకాయల బుట్ట ఎత్తి లోపలికి నడిచాడు. నేను క్యారేజీ పక్కన పెట్టి బొప్పాయిల బుట్ట పట్టుకున్నాను. దాని బరువుకి నా నడుము నాకు తెలియని భాషలో ఏదో అంది. పార్కింగు షెడ్డు కింద, స్కూటర్ల పక్కన ఖాళీగా ఉన్న చల్లటి చోట గోనె పరిచాం. అప్ప దాని మీద కూర్చుని, అటూ ఇటూ సర్దుకుని, ఫ్యాను లేదని మొదటి ఫిర్యాదు చేసింది.

తర్వాత ఒక దోరజామకాయ ఏరి, దాని బొట్టు తీసి పక్కనున్న స్తంభానికి అంటించి, నాలుగు చీలికలు కోసి ఉప్పుకారం అద్ది ప్రెసిడెంటుగారికి అందించింది. ఆయన నిలబడే కొరికారు. రెండో ముక్కకి కాగితం చంకలో పెట్టుకున్నారు. మూడో ముక్కకి జామగింజ పంటి సందులో ఇరుక్కుంది. నాలుకతో దాన్ని వెతుక్కుంటూ, ఏదో అనబోయి, చెయ్యి ఊపి లిఫ్టు వైపు వెళ్ళిపోయారు. ఆ పూట సంఘం తరఫున ఇంకే తీర్మానమూ రాలేదు.